కార్ల పేర్లలోని అంకెలు, ఇంజన్ సీసీలు

కారు డిక్కీ మూత మీద ఉండే అంకె ఇంజన్ పరిమాణాన్ని చెబుతుందని చాలామంది అనుకుంటారు. 320 అంటే 2.0 లీటర్లు, 350 అంటే 3.5 లీటర్లు అని చదువుకుంటారు. ఒకప్పుడు చాలా కంపెనీల బళ్ల విషయంలో అది నిజమే. కానీ 2012లో అమ్మకానికి వచ్చిన బీఎండబ్ల్యూ 328ఐ బానెట్ ఎత్తి చూస్తే, లోపల ఉన్నది 1,997 సీసీ ఇంజన్. అదే వరుసలోని 320ఐలోనూ 1,997 సీసీయే. మొదటిది 245 హార్స్ పవర్ ఇస్తుంది, రెండోది 184. ఆ 28కీ 20కీ మధ్య తేడా శక్తిలోదీ ధరలోదీ. ఇంజన్ పరిమాణంతో దానికి సంబంధం లేదు. కొలతగా మొదలైన అంకె ఇలా హోదాగా మారడానికి దాదాపు వందేళ్లు పట్టింది. పన్నులు, పోటీ, టర్బోచార్జర్, పాత పేర్ల మీద కొనుగోలుదారులకున్న మోజు ఆ మార్పులో తలా ఒక చెయ్యి వేశాయి.

సీసీ లెక్క, సవరింపు

ఇంజన్‌లోని పిస్టన్లన్నీ అడుగు నుంచి పైదాకా ఒక్కసారి కదిలితే ఎంత జాగాను తుడుస్తాయో ఆ మొత్తం ఘనపరిమాణమే సీసీ. లెక్కకు మూడు సంఖ్యలు చాలు: బోర్ అనే సిలిండర్ వ్యాసం, స్ట్రోక్ అనే పిస్టన్ నడక, సిలిండర్ల సంఖ్య. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800నే తీసుకుందాం. దాని బోర్ 68.5 మిల్లీమీటర్లు, స్ట్రోక్ 72 మిల్లీమీటర్లు, సిలిండర్లు మూడు. వ్యాసార్ధం 3.425 సెంటీమీటర్ల వర్గాన్ని 3.1416తో హెచ్చిస్తే సిలిండర్ వైశాల్యం 36.85 చదరపు సెంటీమీటర్లు వస్తుంది. దాన్ని 7.2తో హెచ్చిస్తే 265.3. మూడు సిలిండర్లకు కలిపి 796 సీసీ. పేరులో మాత్రం 800.

ఇది సవరింపు మాత్రమే, తేడా కింద లెక్కలోకి రాదు. 1990 నాటి మారుతి 1000లో 970 సీసీ ఉండేది. ప్రీమియర్ పద్మినికి మూలమైన ఫియట్ 1100లో 1,089 సీసీ. మన ఊళ్లలో ఇప్పటికీ ముచ్చటగా చెప్పుకునే యమహా ఆర్‌ఎక్స్ 100లో 98. ఇంజన్లు ఇలా సున్నాలతో ముగిసే అంకెకు కాస్త కిందే ఆగడానికి బలమైన కారణం ఉంది. చాలా దేశాల్లో పన్నులు, బీమా, పందేల తరగతులు 1,000, 1,500, 2,000 సీసీల దగ్గర మెట్టు మారతాయి. గీత దాటితే భారం పెరుగుతుంది. అందుకే 1,498, 1,998 లాంటి సంఖ్యలు అంత తరచుగా కనిపిస్తాయి.

పన్ను అంకెలే పేర్లయిన రోజులు

కారు పేర్లలోకి అంకెలు తొలిరోజుల్లో వచ్చింది హార్స్ పవర్ రూపంలో. అదీ అసలు శక్తి కాదు, పన్ను వేయడానికి ప్రభుత్వం కట్టిన లెక్క. బ్రిటన్‌లో రాయల్ ఆటోమొబైల్ క్లబ్ సూత్రం ఉండేది: బోర్‌ను అంగుళాల్లో వర్గం చేసి, సిలిండర్ల సంఖ్యతో హెచ్చించి, 2.5తో భాగించాలి. 1921 నుంచి ఒక్కో హార్స్ పవర్‌కు ఏడాదికి ఒక పౌండు పన్ను. ఈ సూత్రంలో స్ట్రోక్‌కు చోటే లేదు. దాంతో అక్కడి ఇంజనీర్లు సిలిండర్లను సన్నగా, పొడవుగా చేసి పన్ను తప్పించారు.

1922లో వచ్చిన ఆస్టిన్ సెవెన్ పేరు ఈ సూత్రం నుంచే పుట్టింది. మొదటి ఇంజన్ బోర్ 54 మిల్లీమీటర్లు. సూత్రంలో వేస్తే 7.2 వస్తుంది, ఏడు అనడం సబబే. మరుసటి ఏడాది బోర్ 56కు పెంచి ఇంజన్‌ను 747 సీసీ చేశారు. ఇప్పుడు లెక్క 7.8, అంటే ఎనిమిదికి దగ్గర. పేరు మాత్రం సెవెన్‌గానే ఉండిపోయింది. ఇంజన్ పెరిగినా జనం నోట పడ్డ పేరును కంపెనీ వదలకపోవడం అప్పటికే మొదలైందన్నమాట. ఫ్రాన్స్‌లోనూ అదే జరిగింది. 1948లో 375 సీసీతో వచ్చిన సిట్రోయెన్ 2సీవీ పేరులోని రెండు కూడా పన్ను అంకే. తర్వాత ఇంజన్ 602 సీసీకి పెరిగి పన్ను తరగతి మూడుకు చేరినా కారు చివరిదాకా 2సీవీయే.

జర్మన్ పద్ధతి, అది సడలిన తీరు

ఇంజన్ పరిమాణాన్ని నేరుగా పేరు చేసిన ఘనత ఎక్కువగా జర్మన్లది. 1954 నాటి మెర్సిడెస్ బెంజ్ 300 ఎస్‌ఎల్‌లో 2,996 సీసీ, దాని చెల్లెలు 190 ఎస్‌ఎల్‌లో 1,897 సీసీ. బీఎండబ్ల్యూ 1972లో 5 సిరీస్‌తో ఇంకా తేటైన పద్ధతి తెచ్చింది. మొదటి అంకె కారు తరగతి, తర్వాతి రెండూ ఇంజన్. 520 అంటే 5 సిరీస్ ఒళ్లు, 2.0 లీటర్ల గుండె. కార్ల పేర్ల చరిత్రలో ఇంతకంటే సూటి పద్ధతి మరొకటి రాలేదని చెప్పవచ్చు. కొనేవాడికి రెండు విషయాలు మూడంకెల్లో తెలిసిపోయేవి.

అయితే మెర్సిడెస్ అప్పటికే దారి తప్పింది. 1968లో ఆ కంపెనీ 300 ఎస్‌ఈఎల్ అనే పెద్ద కారు అమ్మేది. 300 అన్నది అగ్రశ్రేణి పేరు కాబట్టి, లోపల 2,778 సీసీ ఇంజన్ పెట్టినా ఆ పేరే ఉంచారు. అదే ఏడాది మార్చిలో జెనీవా ప్రదర్శనలో అదే ఒంట్లో 6,332 సీసీ వీ8 ఇంజన్ దించి చూపించారు. దానికి 300 ఎస్‌ఈఎల్ 6.3 అని రెండు సంఖ్యలు తగిలించాల్సి వచ్చింది. మొదటిది హోదా, రెండోది నిజం. 1975 నాటి 450 ఎస్‌ఈఎల్ 6.9లో ఆ రెండోదీ కొంచెం ఉబ్బింది. అందులోని ఇంజన్ 6,834 సీసీ, అంటే 6.8.

1982 చివర వచ్చిన 190 ఈ కథ వేరు. కంపెనీ చిన్న కారు చేసింది. దానిలో 1,997 సీసీ ఇంజన్ పెట్టింది. పద్ధతి ప్రకారం అది 200 కావాలి. కానీ 200 పేరుతో అప్పటికే పెద్ద కారు అమ్ముడవుతోంది. చిన్నదాన్ని ఒక మెట్టు కింద చూపించడానికి 190 అన్నారు. తర్వాత దానిలో పెద్ద ఇంజన్లు పెట్టినప్పుడు 190 ఈ 2.3, 190 ఈ 2.6 అని మళ్లీ జంట సంఖ్యలు. ఈ గందరగోళం పోగొట్టడానికే 1993లో తరగతి అక్షరాన్ని ముందుకు తెచ్చి సీ 180, ఈ 220, ఎస్ 600 అని పేర్లు మార్చారు. వరుస బాగుపడింది గానీ అంకె నిలకడగా ఉండలేదు. 1997లో వచ్చిన సీ 240లో 2.4 లీటర్ల ఇంజనే ఉండేది. 2000లో కొత్త తరం కారు వచ్చేసరికి అదే సీ 240 పేరు కింద 2.6 లీటర్లది పెట్టారు.

బీఎండబ్ల్యూ దగ్గర తేడాలు రెండు వైపులా వచ్చాయి. 1980ల 316లో, 318ఐలో ఒకే 1,766 సీసీ ఇంజన్. మొదటిదానికి కార్బురేటర్, 90 హార్స్ పవర్. రెండోదానికి ఇంధనాన్ని చిమ్మే ఇంజెక్షన్, 105 హార్స్ పవర్. ఇంధనం ఆదా చేసేలా మలిచిన 2,693 సీసీ ఇంజన్‌ను యూరప్‌లో 525ఈ అని, అమెరికాలో 528ఈ అని అమ్మారు. 1995 నాటి 323ఐలో ఉన్నది 2,494 సీసీ. 328ఐకి తగినంత దూరం పాటించడానికి ఇంజన్‌ను తగ్గించి చెప్పారు. బ్యాడ్జి ఎప్పుడూ గొప్పలకే పోతుందని అనుకునేవారు ఈ 323ని గుర్తుంచుకోవాలి.

వీటన్నిటిలోకీ ఆసక్తికరమైనది 745ఐ. 1979లో బీఎండబ్ల్యూ తన పెద్ద కారులో 3,210 సీసీ ఇంజన్‌కు టర్బో తగిలించింది. 732 అంటే టర్బో విలువ తెలియదు. ఆ రోజుల్లో పందేల నిబంధనల్లో టర్బో ఇంజన్ పరిమాణాన్ని 1.4తో హెచ్చించి లెక్కగట్టేవారు. 3,210ని 1.4తో హెచ్చిస్తే 4,494. అలా 45 వచ్చిందని చెబుతారు. పోనీ ఆ లెక్కకైనా కట్టుబడ్డారా అంటే లేదు. 1983లో ఇంజన్ 3,430 సీసీకి పెరిగినా పేరు మారలేదు. దక్షిణాఫ్రికాలో ఇదే పేరుతో అమ్మిన కారులోనైతే టర్బోయే లేదు. అందులో స్పోర్ట్స్ కారు నుంచి తెచ్చిన 3,453 సీసీ ఇంజన్ పెట్టారు. ఒక్క 745ఐ పేరు కింద మూడు ఇంజన్లు, మూడింట్లో ఒక్కటీ 4.5 కాదు.

63 అనే అంకె ప్రయాణం

మెర్సిడెస్ క్రీడా విభాగం ఏఎంజీ వాడే 63 అంకెను చూస్తే కొలత హోదాగా ఎలా మారుతుందో అడుగడుగునా కనిపిస్తుంది. 2005లో ఏఎంజీ సొంతంగా ఒక వీ8 ఇంజన్ తయారు చేసింది. బోర్ 102.2, స్ట్రోక్ 94.6 మిల్లీమీటర్లు, మొత్తం 6,208 సీసీ. సవరిస్తే 6.2. కానీ 1968 నాటి 300 ఎస్‌ఈఎల్ 6.3 జ్ఞాపకార్థం బ్యాడ్జి మీద 63 వేశారు. ఒక గొప్ప కారు పట్ల గౌరవంతో చేసిన 0.1 లీటరు అతిశయోక్తి అది, అర్థం చేసుకోదగ్గదే. 2010లో ఎస్ 63లోకి 5,461 సీసీ జంట టర్బో ఇంజన్ వచ్చింది. 2014లో సీ 63లోకి 3,982 సీసీ వచ్చింది. 2022లో ప్రకటించిన సీ 63 ఎస్‌లో 1,991 సీసీ నాలుగు సిలిండర్ల ఇంజన్, తోడుగా వెనుక ఇరుసు మీద విద్యుత్ మోటారు ఉన్నాయి. రెండూ కలిసి 680 హార్స్ పవర్ ఇస్తాయి. ఇంజన్ మూడో వంతుకు కుంచించుకుపోయింది, శక్తి పెరిగింది, బ్యాడ్జి అంగుళం కదల్లేదు. వీ8 శబ్దం కోసమే ఆ కారు కొనేవారికి ఇది మింగుడు పడలేదు. వారి బాధలో న్యాయముంది. 63 అన్న మాటతో వారికి గుర్తొచ్చేది హార్స్ పవర్ కంటే ముందు ఆ ఎనిమిది సిలిండర్ల గర్జన.

అమెరికా, ఇటలీ

అమెరికన్లు ఘనపు అంగుళాల్లో కొలుస్తారు. అక్కడా బ్యాడ్జి అటూ ఇటూ జరిగింది. 1960ల పాంటియాక్ జీటీఓ పక్కన 6.5 లీటర్లని రాసి ఉండేది. అందులోని 389 ఘనపు అంగుళాల ఇంజన్ నిజానికి 6.4 లీటర్లే. ఫోర్డ్ మస్టాంగ్ 5.0గా పేరుపడ్డ పాత ఇంజన్ 4,942 సీసీ, కచ్చితంగా సవరిస్తే 4.9. షెవర్లే చెవెల్ ఎస్‌ఎస్ 396లో 1970లో ఇంజన్‌ను 402 అంగుళాలకు పెంచి కూడా 396 పేరు తీసేయలేదు. ఆ పేరుకు అప్పటికే అభిమానులున్నారు. బ్యూక్ మరో దారి పట్టింది. వైల్డ్‌క్యాట్ 445 అని ఇంజన్ మీద రాసేది. అది పరిమాణం కాదు, తిప్పే బలమైన టార్క్. ఆ ఇంజన్ 401 ఘనపు అంగుళాలది.

ఇటలీలో ఫెరారీది ప్రత్యేక శాస్త్రం. 1947 నాటి 125 ఎస్ పేరులోని 125 ఒక్క సిలిండర్ పరిమాణం. పన్నెండు సిలిండర్లకు కలిపి 1.5 లీటర్లు. ప్రఖ్యాతమైన 250 జీటీఓలో 2,953 సీసీ. పన్నెండుతో భాగిస్తే 246, దాన్ని 250 అన్నారు. తర్వాత 308 అంటే 3.0 లీటర్లు, 8 సిలిండర్లు అనే కొత్త పద్ధతి వచ్చింది. 458 కూడా అలాంటిదే, 4.5 లీటర్లు, 8 సిలిండర్లు. దాని తర్వాతి కారు 488. ఇక్కడ ఫెరారీ మళ్లీ పాత పద్ధతికి వెళ్లి 3,902 సీసీని ఎనిమిదితో భాగించింది. ఇంజన్ 4.5 నుంచి 3.9కి తగ్గినా అంకె 30 పెరిగింది. 812లో 8 అంటే 800 హార్స్ పవర్, 12 అంటే సిలిండర్లు. 296లో 29 అంటే 2,992 సీసీ, 6 అంటే సిలిండర్లు. అన్నీ లెక్కకు సరిపోతాయి, కానీ ఏ కారుకు ఏ సూత్రమో ముందే తెలిసుండాలి. పేరు పని చెప్పడమే అయితే ఇది మంచి పద్ధతి కాదు.

టర్బో తెచ్చిన పెద్ద మార్పు

2000 దాకా ఈ తేడాలు అక్కడక్కడా కనిపించేవి. ఆ తర్వాతే అవి మామూలు విషయమయ్యాయి. ఇంజన్ శక్తి అది పీల్చే గాలిని బట్టి ఉంటుంది. టర్బోచార్జర్ పొగ గొట్టంలోకి పోయే వాయువుల వేగంతో చక్రం తిప్పి ఎక్కువ గాలిని సిలిండర్లలోకి నెడుతుంది. దాంతో 2.0 లీటర్ల ఇంజన్ పాత 3.0 లీటర్ల పని చేస్తుంది. పెద్ద ఇంజన్‌ను చిన్నది చేయడానికి ప్రభుత్వాలే తొందరపెట్టాయి. యూరోపియన్ యూనియన్ 2009లో కొత్త కార్ల సగటు కార్బన్ డయాక్సైడ్‌ను కిలోమీటరుకు 130 గ్రాములకు తేవాలని నిబంధన పెట్టింది. చైనా 2008 నుంచి ఇంజన్ పరిమాణాన్ని బట్టి వినియోగ పన్నును 1 నుంచి 40 శాతం దాకా వేస్తోంది. 3 లీటర్లు దాటితే 25, 4 దాటితే 40. జర్మన్ ఖరీదైన కార్లకు అతి పెద్ద సంతల్లో చైనా ఒకటి. అలాంటి చోట పెద్ద ఇంజన్ పెట్టడం తేలిక కాదు.

ఇక్కడ కంపెనీలకు చిక్కు వచ్చింది. పాత 330ఐ నడిపిన మనిషి కొత్త కారు కొనడానికి వస్తే, అంతకంటే వేగమైన బండికి 320 అని పేరు పెట్టి అమ్మలేరు. తనను ఒక మెట్టు దించారనుకుంటాడు. అందుకే ఇంజన్ తగ్గినా మెట్ల పేర్లు అలాగే ఉంచారు. 2006 నాటి 335ఐలో 2,979 సీసీ టర్బో ఉండేది. ఇప్పటి 330ఐలో 2.0 లీటర్లు. ఒకప్పుడు 5.0 లీటర్ల వీ12తో మొదలైన 750 పేరు కింద తర్వాత 4.4 లీటర్ల వీ8 వచ్చింది. డీజిల్‌లోనూ అంతే. మెర్సిడెస్ సీ 200 సీడీఐ, సీ 220 సీడీఐ, సీ 250 సీడీఐ మూడింట్లో 2010 ప్రాంతంలో ఒకే 2,143 సీసీ ఇంజన్. 136, 170, 204 హార్స్ పవర్‌లుగా మూడు శ్రుతుల్లో అమ్మారు.

లెక్సస్ ఈ విషయంలో మంచి పాఠం నేర్పింది. 1,998 సీసీ టర్బో ఇంజన్ ఉన్న కారుకు ఎన్‌ఎక్స్ 200టీ అని నిజాయితీగా పేరు పెట్టింది. 2017లో ఇంజన్‌ను తాకకుండానే దాని పేరును ఎన్‌ఎక్స్ 300గా మార్చింది. పక్కవాళ్లు అంకెలు పెంచుకుంటుంటే నిజం చెప్పిన కారు సంతలో చిన్నదిగా కనిపిస్తుంది. లెక్సస్ హైబ్రిడ్‌లలో ముందు నుంచే ఈ అలవాటుంది. ఆర్‌ఎక్స్ 400హెచ్‌లో 3.3 లీటర్లు, ఎల్‌ఎస్ 600హెచ్‌లో 5.0 లీటర్లు. మోటారు బలాన్ని కలుపుకొని అంకె వేశారు.

కొన్ని కంపెనీలు సీసీతో తెగతెంపులు చేసుకున్నాయి. ఆడీ 2017లో కిలోవాట్ల మెట్లు ప్రకటించింది: 81 నుంచి 96 కిలోవాట్లకు 30, 110 నుంచి 120కి 35, 125 నుంచి 150కి 40. ఇలా సాగి 400 దాటితే 70. పెట్రోలైనా డీజిలైనా అంకె ఒకటే. క్యాడిలాక్ 2019లో టార్క్‌ను న్యూటన్ మీటర్లలో దగ్గరి 50కి సవరించి పేరు చేసింది. అరవై ఏళ్ల కిందట బ్యూక్ చేసిన పనే అది, కొలమానం ఒక్కటే మారింది. విద్యుత్ కార్లలో ఇంజనే లేకున్నా ఈ ఇబ్బంది తప్పలేదు. 2016లో టెస్లా 75 కిలోవాట్ అవర్ల బ్యాటరీని సాఫ్ట్‌వేర్‌తో కట్టడి చేసి మోడల్ ఎస్ 60గా అమ్మింది. పోర్షే 2019లో టైకాన్ టర్బో తెచ్చింది. అందులో టర్బో ఉండే ప్రశ్నే లేదు.

భారతదేశంలో

మన దగ్గర కూడా కార్ల పేర్లలోని అంకెలన్నీ సీసీతో ముడిపడినవి కావు. మహీంద్రా ఎక్స్‌యూవీ 500లో 2,179 సీసీ డీజిల్ ఇంజన్ ఉండేది, 500కు దానితో ఏ సంబంధమూ లేదు. లారీలది వేరే సంప్రదాయం. టాటా 1613 అంటే 16 టన్నుల మొత్తం బరువు, 130 దరిదాపు హార్స్ పవర్. బెంజ్ నుంచి వచ్చిన ఆ పద్ధతి మన లారీ డ్రైవర్ల నోళ్లలో దశాబ్దాలు నిలిచింది.

పేరు ఏదైనా చట్టం చూసేది అసలు సీసీనే. 2006 బడ్జెట్‌లో నాలుగు మీటర్లు మించని, పెట్రోలైతే 1,200, డీజిలైతే 1,500 సీసీ లోపు కార్లకు ఎక్సైజ్ సుంకం 24 నుంచి 16 శాతానికి తగ్గింది. 1,197, 1,199 సీసీ ఇంజన్లు మన రోడ్లను నింపింది అందుకే. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీలోనూ ఆ గీతలే ఉన్నాయి. లోపలి కార్లకు 18 శాతం, బయటివాటికి 40. మోటారు సైకిళ్లకు గీత 350 సీసీ. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350లో ఉన్నది 349 కాబట్టి అది 18 శాతంలో ఉంది. బజాజ్ డామినార్ 400 అని 2016 చివర వచ్చిన బండిలో 373 సీసీయే.

సీసీ ఎంత ఖరీదైన విషయమో ఢిల్లీలో ఒకసారి బాగా తెలిసొచ్చింది. కాలుష్యం మితిమీరడంతో సుప్రీంకోర్టు 2015 డిసెంబరు 16న దేశ రాజధాని ప్రాంతంలో 2,000 సీసీ, ఆపై డీజిల్ కార్ల రిజిస్ట్రేషన్‌ను ఆపింది. మెర్సిడెస్ సీ 220, ఈ 250 డీజిళ్లలో 2,143 సీసీ ఇంజన్ ఉంది కనుక అవి ఆగిపోయాయి. జాగ్వార్ ల్యాండ్ రోవర్ కొత్త డీజిల్ ఇంజన్ 1,999 సీసీ, అది గీతకు ఒక్క సీసీ లోపల నిలిచింది. మహీంద్రా 2016 జనవరికల్లా 1.99 లీటర్ల ఇంజన్‌తో స్కార్పియోనూ ఎక్స్‌యూవీ 500నూ తిరిగి అమ్మడం మొదలుపెట్టింది. 2016 ఆగస్టులో ఒక శాతం పర్యావరణ రుసుముతో కోర్టు నిషేధం ఎత్తేసింది.

తెలుగు రాష్ట్రాల్లో కార్ల జీవిత పన్ను ధరను బట్టి ఉంటుంది. థర్డ్ పార్టీ బీమా మాత్రం దేశమంతటా సీసీ మీదే నడుస్తుంది. 2022 జూన్ నుంచి అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం సొంత కారుకు 1,000 సీసీ లోపు రూ. 2,094, 1,500 లోపు రూ. 3,416, అది దాటితే రూ. 7,897. పాత కారు కొనేటప్పుడు బ్యాడ్జిని నమ్మి ఈ లెక్కలు వేయకూడదు. యజమానులు 320డీకి మరో పెద్ద మోడల్ అక్షరాలు అంటించుకోవడమూ ఉంది, ఉన్నది ఊడదీయించుకోవడమూ ఉంది. ఆర్‌సీలో క్యూబిక్ కెపాసిటీ అనే గడిలో అసలు సంఖ్య ఉంటుంది. విడిభాగాలకైతే ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు చెప్పాలి. సీ 200, సీ 250 సీడీఐలకు ఇంజన్ ఒకటే అయినా, శక్తిలో తేడా వల్ల టర్బో లాంటి భాగాలు వేరు కావచ్చు. మోడల్ పేరు ఒక్కటే చెప్పి తెచ్చుకున్న భాగం బిగించే వేళకు కుదరకపోతే, తిరిగి తీసుకునే దుకాణాలు తక్కువ.